కొమ్ముల బండి... కాస్త జాగ్రత్త!

ఖిలా వరంగల్ చూడ్డానికి వచ్చినవాళ్లు కీర్తితోరణాల ముందు నిలబడి తలెత్తగానే వేసే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే... 'ఇంతింత రాళ్లు అంత ఎత్తుకు ఎలా ఎక్కించారో!' ముప్ఫై అడుగుల ఎత్తు. పైన అడ్డంగా పరిచిన రాతి దూలాలు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి పని. క్రేన్లు లేవు, డీజిలు ఇంజిన్లు లేవు. మట్టి దిబ్బలు, మోకులు, దుంగలు, ఎడ్లు, వందల చేతులు... ఏది ఎంత వాడారన్నది చరిత్రకారులు తేల్చాల్సిన సంగతి. ఒక్కటి మాత్రం ఖాయం. బరువు ఎక్కడ ఆనుతుందో, ఎటు ఒరుగుతుందో తెలిసిన పెద్దమేస్త్రి ఒకడు అక్కడ ఉండే ఉంటాడు. అతను 'ఊఁ' అంటేగానీ ఎవరూ మోకు లాగి ఉండరు.

ఓరుగల్లులో బరువులెత్తడం ఆనాటితో ఆగిపోలేదు. ఆసియాలోనే పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఎనుమాముల యార్డు ఇక్కడే ఉంది. చుట్టూ మిర్చి దాచే శీతల గోదాములు, పత్తి జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు. కోటలోని తూర్పుకోట, మధ్యకోట, పడమరకోటల నుంచీ చుట్టుపక్కల వాడల నుంచీ కూలికి బయల్దేరే కుర్రాళ్లకు ఇప్పుడు కొత్త ఉద్యోగం ఒకటి కనిపిస్తోంది. దాని పేరు ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటరు. 

చూడ్డానికి బొమ్మలా ఉంటుందా బండి. ముందు ముత్యాలపందిరిలా ఓ ఇనప చట్రం, దానికి రెండు ఉక్కు కొమ్ములు, వెనక బండరాయిలాంటి ఇనప దిమ్మ, నెత్తిన పంజరంలాంటి కప్పు. రెండు మూడు లివర్లు కదిపితే చాలు, ఇరవై మంది మోయాల్సిన సరుకును చిటికెలో ఎత్తి అటకమీద పెట్టేస్తుంది. ఇంత తేలిగ్గా పనిచేస్తుంది కాబట్టే దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

భుజాల కాలం

ఇంట్లో యాభై కేజీల బియ్యం బస్తాను పక్కకు జరపడానికే ఆపసోపాలు పడతాం. అలాంటి బస్తాలను రోజంతా వీపున మోసేవాడు హమాలీ. తలగుడ్డ, చేతిలో కొక్కెం... ఆయన పనిముట్లు అంతే. ఒకప్పుడైతే బస్తా అంటే క్వింటాలే. నూరు కేజీల గోనెసంచిని నడుం మీదికి ఎక్కించుకుని, సన్నటి చెక్కబల్ల మీదుగా లారీలోకి నడిచిన తరం ఇంకా మన మధ్యే ఉంది. నడుం వంగిపోయి, మోకాళ్లు అరిగిపోయి ఉంది. ఒక మగమనిషి మీద యాభై అయిదు కేజీలకు మించి మోయించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది.

ఇక పత్తి సంగతి మరోరకం. మన దేశంలో జిన్నింగు మిల్లులో అచ్చు వేసి కట్టిన ఒక్కో బేలు 170 కేజీలుంటుంది. అది ఒక మనిషి మోసే బరువు కాదు. నలుగురు కూడి దొర్లించాలి, కొక్కేలు వేసి లాగాలి. నిజాం హయాంలో 1934లో మొదలై 2002లో మూతపడ్డ ఆజంజాహీ మిల్లు ఉన్న ఊళ్లో, బేలు కింద వేలు పడితే ఏమవుతుందో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బుకానన్‌లోని క్లార్క్ కంపెనీ 1917లో తన ఫ్యాక్టరీలో సామాన్లు అటూఇటూ చేరవేయడానికి ఓ మోటారు బండి తయారుచేసుకుంది. ఫోర్క్‌లిఫ్ట్ వంశవృక్షం అక్కణ్నుంచే మొదలవుతుందంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలకు సరుకు ఎక్కించే పని దాన్ని ప్రపంచమంతా తిప్పింది. సరుకును చెక్కపలకల మీద పేర్చి, పలకతో సహా ఎత్తడం అలవాటైంది. ఆ పలకే ప్యాలెట్.

కాబట్టి ఈ బండి కార్మికుడికి శత్రువు కాదు. నడుములు నిలబెట్టేది. కాకపోతే దాని స్వభావం తెలియాలి.

నాలుగు చక్రాలున్నా ముక్కాలి పీటే!

ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ లెక్క పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. బండి వెనకభాగంలో బస్తాలు ఎక్కువ వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి బిగుస్తుంది. ఇరుసుకు అటూఇటూ బరువు సరితూగాలి. ఫోర్క్‌లిఫ్ట్‌కు కూడా ముందు ఇరుసే త్రాసు ముల్లు. కొమ్ముల మీది సరుకు ఒక పళ్లెం, వెనక ఇనప దిమ్మ ఇంకో పళ్లెం. అందుకే మూడు టన్నులు ఎత్తే బండి తానే నాలుగు టన్నులకు పైగా తూగుతుంది. అంటే ఆరు మారుతి 800 కార్లంత బరువు! అది కాలి మీదికి ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సరే, మూడు టన్నుల బండి అంటే ఎప్పుడూ మూడు టన్నులు ఎత్తుతుందా? ఎత్తదు. కొమ్ముల మొదలు నుంచి సరుకు బరువు కేంద్రం దాకా సాధారణంగా 500 మిల్లీమీటర్ల దూరం ఉంటేనే ఆ లెక్క. సరుకు పొడవు పెరిగి, బరువు కేంద్రం 750 మిల్లీమీటర్లకు జరిగితే అదే బండి సత్తా దాదాపు రెండున్నర టన్నులకు పడిపోతుంది. బాగా ఎత్తుకు లేపితే ఇంకా తగ్గుతుంది. ఈ వివరాలన్నీ రాసిన రేకు ఒకటి డ్రైవరు ముందే బిగించి ఉంటుంది. చాలాచోట్ల దాని మీద రంగు వేసేస్తారు, లేదంటే అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. అదిగో, అసలు కొలబద్ద పోయినట్టే! ఏ బరువు ఎంత ఎత్తుకు అన్నది ఇక అంచనామీదే నడుస్తుంది.

ఇంకో సంగతి. బండికి నాలుగు చక్రాలున్నా అది నిలబడేది మూడు చోట్లే. ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసును మధ్యలో బిగించిన మేకు. ఆ మూడింటినీ కలిపితే వచ్చే ముక్కోణంలో బరువు ఉన్నంతసేపూ భయం లేదు. ముక్కాలి పీట మీద ఓ అంచున కూర్చున్న పిల్లాడు పడిపోవడం ఎవరూ చూడనిది కాదు. సరుకును గాల్లో ఎత్తిపట్టుకుని మలుపు తిరిగిన ఫోర్క్‌లిఫ్ట్ కూడా అలాగే పక్కకు ఒరుగుతుంది. విచిత్రం ఏమంటే, ఖాళీ బండి కూడా పడుతుంది. సరుకు లేనప్పుడు బరువంతా వెనక్కి, ముక్కోణం సన్నబడేచోటికి జరుగుతుంది. 'ఖాళీయేగా' అని జోరుగా మలుపు తిప్పే కుర్రాడికి ఈ ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

తిరగడం కూడా మన కార్లలా కాదు. తిరిగేవి వెనక చక్రాలు. ముందు కొమ్ములు కాస్త కదిలేలోపు వెనక దిమ్మ బయటికి విసురుగా వస్తుంది. పక్కన నిలబడి మాట్లాడుతున్న మనిషికి, గోడకూ దిమ్మకూ మధ్య ఎంత జాగా మిగులుతుందో లెక్కేసుకునే వ్యవధి ఉండదు. గంటకు పది కిలోమీటర్లంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ వేగంతో బండి సెకనుకు మూడడుగులు కాదు, మూడు మీటర్లకు కాస్త తక్కువ దూరం వచ్చేస్తుంది.

చచ్చేది ఎవరు?

అమెరికాలో వృత్తిపరమైన భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్, 1980 నుంచి 1994 దాకా ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాల్లో మరణించిన 1,021 మంది వివరాలు తిరగేసింది. బండి బోల్తాపడి పోయినవాళ్లు 22 శాతం. నడుచుకుంటూ వెళ్తుండగా బండి తగిలి పోయినవాళ్లు 20 శాతం. బండి కింద, దాని భాగాల మధ్య నలిగినవాళ్లు 16 శాతం. ఫోర్కుల మీద నుంచో బండి మీద నుంచో కిందపడినవాళ్లు 9 శాతం.

ఈ లెక్కల్లో మనం ఆగి చూడాల్సింది రెండోది. పోయినవాళ్లలో అయిదో వంతు మంది చేతిలో స్టీరింగు లేదు, వాళ్లు తమ పని తాము చేసుకుంటున్నారు. మన గోదాముల్లో ఇది మరింత వర్తిస్తుంది. అక్కడ ఒకే నేల మీద బండీ ఉంటుంది, బస్తాలు మోసే హమాలీలూ ఉంటారు. వీపున బస్తా ఉన్న మనిషి వంగి నడుస్తాడు. ఆయనకు కనిపించేది తన పాదాలు, ముందున్న నేల. ఎదురుగా కళ్ల ఎత్తున సరుకు పెట్టుకున్న డ్రైవరుకు కూడా ముందు దారి కనిపించదు. ఒకరినొకరు చూడలేని ఇద్దరు ఇరుకు సందులో ఎదురుపడటం... అసలు ప్రమాదం అదే. దీనికి మందు మరీ ఖరీదైందేం కాదు. నేల మీద పసుపు రంగు గీత వేసి మనుషుల దారి, బండి దారి వేరుచేయాలి. వీలైతే మధ్యలో కమ్మీలు పాతాలి. మూలల్లో గుండ్రటి అద్దాలు బిగించాలి. ముందు చూపు ఆనకపోతే బండిని వెనక్కి నడపాలి. ఇప్పుడొస్తున్న బండ్లలో కొన్నిటికి నేల మీద నీలం వెలుగు వేసే దీపం ఉంటుంది. బండి మూల తిరగకముందే ఆ వెలుగు వచ్చి వాలుతుంది. మిల్లు రొదలో హారను వినపడకపోయినా ఆ వెలుగు కనపడుతుంది.

బోల్తా విషయంలో మాత్రం మన బుద్ధి మనల్నే మోసం చేస్తుంది. బండి ఒరుగుతోందంటే ఎవరికైనా దూకెయ్యాలనిపిస్తుంది. దూకినవాడు ఎటు పడతాడు? సరిగ్గా బండి వాలుతున్న వైపే. పైనున్న ఇనప కప్పు వచ్చి అతని మీదే పడుతుంది. కూర్చుని నడిపే ఫోర్క్‌లిఫ్ట్‌లో దూకకూడదు. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాళ్లు తన్నిపట్టి, పడుతున్న వైపుకు ఎదురు దిక్కుకు ఒరగాలి. ఆ కప్పు, ఆ బెల్టు ఉన్నది అందుకే. 'గోదాములోనే కదా, బెల్టెందుకు' అని దాన్ని సీటు కింద దోపేయడం ఎంత అలవాటో చెప్పక్కర్లేదు.

పైకప్పులో ట్యూబులైటు పోతుంది. నిచ్చెన కోసం ఎవరు వెతుకుతారు? ఓ కుర్రాణ్ని కొమ్ముల మీద నిలబెట్టి 'ఎత్తరా' అంటారు. లేదా ప్యాలెట్ మీద నిలబెడతారు. ప్యాలెట్ కొమ్ముల మీద ఊరికే ఆని ఉంటుంది తప్ప, దానికి పట్టుకొమ్మ ఏదీ లేదు. మనిషిని ఎత్తాల్సి వస్తే చుట్టూ కమ్మీలున్న, చట్రానికి బిగించిన తొట్టి ఉండాలి. అది లేనప్పుడు నిచ్చెనే మేలు. ఈ తప్పుల్నే హాస్యంగా మార్చి జర్మన్లు 2000 సంవత్సరంలో క్లాస్ అనే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు మొదటిరోజు ఉద్యోగం మీద ఓ చిన్న సినిమా తీశారు. భద్రతా పాఠాల సినిమాలకు అది వెక్కిరింత. అందులో రక్తం మరీ ఎక్కువ, పిల్లలతో కలిసి చూసేది కాదు.

పత్తి పక్కన నిప్పు

వరంగల్ లాంటి చోట ఇంకో భయం ఉంది. పత్తి బేళ్లను కొమ్ములతో పొడిచి ఎత్తరు. రెండు పలకలతో పక్కల నుంచి నొక్కిపట్టే క్లాంపు బిగిస్తారు. ఆ క్లాంపే కొన్ని వందల కేజీలుంటుంది, బేలును ఇంకాస్త ముందుకు కూడా జరుపుతుంది. ఆమేరకు బండి ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. క్లాంపు బిగించాక కొత్త లెక్కతో కొత్త రేకు వేయాలి. పాత రేకునే నమ్ముకుంటే మోసపోయినట్టే.

అంతకంటే పెద్దది నిప్పు. పొగగొట్టంలోంచి ఒక్క రవ్వ ఎగిరి దూదిలో పడిందా, అది బేలు లోపల గంటలతరబడి నివురుగప్పి ఉండి, అందరూ ఇళ్లకు వెళ్లాక లేస్తుంది. కొమ్ములు కాంక్రీటు నేలకు రాసుకున్నా రవ్వలు లేస్తాయి. పొగగొట్టానికి రవ్వలను ఆపే జాలీ, వేడెక్కిన ఇంజిను చుట్టూ చేరిన దూదిపింజెల్ని పూటపూటా దులపడం, బండిలోనే ఓ మంటలార్పే సిలిండరు... జిన్నింగు మిల్లులో ఈ మూడూ తప్పనిసరి అనుకోవాలి.

శీతల గోదాములో కథ వేరు. అక్కడ తలుపులు మూసే ఉంటాయి, గాలి ఆడదు. డీజిలు బండి లోపలికి వెళ్తే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బయటికి పోయే దారి ఉండదు. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పితో మొదలై మనిషిని పడేస్తుంది. అందుకే అలాంటి చోట బ్యాటరీ బండ్లే వాడాలి. అయితే బ్యాటరీకీ తన మర్యాద ఉంది. సీసం, ఆమ్లం ఉండే బ్యాటరీ చార్జింగు అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. ఆ గదిలో కిటికీలు తెరిచి ఉండాలి, బీడీ వెలిగించకూడదు. నీళ్లు పోసేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు ఉండాలి. చల్లటి గది నుంచి బయటికొచ్చే ద్వారం దగ్గర నేల తడిగా ఉంటుంది, బండి జారుతుంది. బ్రేకులు చాలా బండ్లకు ముందు చక్రాలకే ఉంటాయని గుర్తుంచుకోవాలి.

లారీ దగ్గర ఇంకో గండం. బండి లారీలోకి ఎక్కి సరుకు దించుతుండగా లారీ డ్రైవరు టీ తాగొచ్చి, పనైపోయిందనుకుని ఇంజిను ఆన్ చేస్తాడు. లారీ నాలుగడుగులు ముందుకు కదిలితే ఫోర్క్‌లిఫ్ట్ ఆ సందులోకి జారుతుంది. చక్రాలకు దిమ్మలు పెట్టి, లారీ తాళంచెవి గోదాము గుమస్తా చేతికి ఇవ్వడం కొన్నిచోట్ల నియమం. అన్నిచోట్లా ఉండాల్సిన నియమం. వాలు మీద సరుకుతో వెళ్తుంటే సరుకు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి. అంటే ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. వాలు మధ్యలో మలుపు తిప్పరాదు.

లైసెన్సు ఎవరిస్తారు?

ఇక్కడే చాలామంది పొరపడతారు. 'నాకు హెవీ లైసెన్సుంది, ఇది నడపలేనా' అంటారు. మోటారు వాహనాల చట్టం, కేవలం ఫ్యాక్టరీ ఆవరణలోనో మరో మూసి ఉన్న ఆవరణలోనో వాడే ప్రత్యేక బండిని మోటారు వాహనంగా పరిగణించదు. గోదాము గోడల మధ్యే తిరిగే ఫోర్క్‌లిఫ్ట్‌కు నంబరు ప్లేటు ఉండదు, ఆర్టీవో పరీక్షా ఉండదు. రోడ్డు మీది లైసెన్సు వెనక చక్రాల మలుపు గురించి, ముక్కోణం గురించి ఏమీ నేర్పదు. ఇక మిగిలింది యజమాని బాధ్యత ఒక్కటే.

క్రేన్లు, కప్పీల వంటి బరువులెత్తే యంత్రాలను కనీసం ఏడాదికోసారి అర్హుడైన వ్యక్తి చేత పూర్తిగా పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ జాబితాలో ఫోర్క్‌లిఫ్ట్ పేరు విడిగా లేకపోయినా, పద్ధతిగా నడిచే పరిశ్రమలు దాన్నీ అదే వరసలో పరీక్ష చేయిస్తాయి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో చట్టాన్ని సవరించి, కార్మికులకు తగిన శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వడం యజమాని విధి అని స్పష్టంగా చేర్చారు. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. గుత్తేదారు కింద రోజుకూలీకి వెళ్లి, ఎవరో చెప్పారని బండెక్కిన కుర్రాడికి ఆ కాగితం విలువ ప్రమాదం జరిగిన రోజు తెలుస్తుంది. కాగితం లేకపోతే అతను ఆ రోజు అక్కడ ఏం చేస్తున్నాడో, ఎవరు చేయమన్నారో రుజువు చేయడం ఆ ఇంట్లోవాళ్ల నెత్తిన పడుతుంది.

అమెరికాలో పద్ధతి కచ్చితంగా ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఫోర్క్‌లిఫ్ట్ నడపరాదు. తరగతిలో పాఠం, బండి మీద సాధన, పరీక్ష... మూడూ అయ్యాకే అనుమతి. మూడేళ్లకోసారి మళ్లీ పనితీరు చూస్తారు. ప్రమాదం చేసినా, త్రుటిలో తప్పినా మళ్లీ శిక్షణే. తెలంగాణ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో కొందరికి ఇది అనుభవమే. అక్కడి పెద్ద సైట్లలో కంపెనీతో సంబంధం లేని మూడో సంస్థ పరీక్షించి ఇచ్చిన కార్డు లేనిదే బండి ఎక్కనివ్వరు. మన దగ్గర క్లీనరుగా చేరి, భోజనాల వేళ ఖాళీగా ఉన్న బండిని ముందుకూ వెనక్కూ కదిపి, ఓ నెలకు 'డ్రైవరు' అయిపోవడమే చాలామందికి తెలిసిన చదువు. లాజిస్టిక్స్ రంగానికి విడిగా నైపుణ్య మండలి ఉంది, సర్టిఫికెట్ కోర్సులున్నాయి. కొత్త బండి కొంటే అమ్మిన కంపెనీవాళ్లతోనే ఆపరేటరుకు శిక్షణ అడిగి ఇప్పించుకోవచ్చు. అడగాలంతే.

పొద్దున్నే అయిదు నిమిషాలు

ఇంట్లో ఎవరైనా ఈ పనికి వెళ్తుంటే జీతమెంత అన్న ప్రశ్నతోపాటు ఇంకొన్ని అడగడం మంచిది. శిక్షణ ఎవరిచ్చారు? నియామక పత్రం ఉందా? ముందు భాగం ఇనుముతో ఉండే బూట్లు, మెరిసే చొక్కా ఇచ్చారా? బండికి బెల్టుందా, వెనక్కి వెళ్లేటప్పుడు కూత పెడుతుందా? మిల్లు ఆవరణలోనే కాపురముండే కుటుంబాలైతే పిల్లల్ని బండి చుట్టుపక్కలకు రానివ్వకూడదు. ఆదివారం ఆగి ఉన్న బండి కొమ్ములు పిల్లలకు ఉయ్యాల బల్లలా కనిపిస్తాయి.

బండి ఎక్కేముందు ఆపరేటరు చుట్టూ ఓసారి తిరగాలి. టైర్లు, బ్రేకు, హారను, నూనె కారుతున్న మరకలు, గొలుసులు, కొమ్ములు. కొమ్ము మడమ దగ్గర, అంటే వంపు తిరిగేచోట మందం పదో వంతు అరిగితే దాన్ని తీసి పక్కన పెట్టాల్సిందే. నలభై మిల్లీమీటర్ల కొమ్ము ముప్ఫై ఆరుకు వచ్చిందంటే ఆయువు తీరినట్టే. పైకి చూస్తే బాగానే ఉంటుంది, కానీ దాని బలం అప్పటికే దాదాపు అయిదో వంతు తగ్గి ఉంటుంది. నడుస్తున్నంతసేపూ సరుకు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి, చట్రం కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఎత్తిన కొమ్ముల కిందికి ఎవరూ రాకూడదు, సరుకు ఉన్నా లేకపోయినా.

దిగేటప్పుడు కొమ్ములు పూర్తిగా నేలకు ఆన్చాలి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, చేతి బ్రేకు వేయాలి. తాళంచెవి తీసి ఆపరేటరు జేబులోనో, సూపర్‌వైజరు పెట్టెలోనో వేయాలి. టీకి వెళ్తున్నది అయిదు నిమిషాలకే అయినా సరే, అది బండికి వేలాడుతూ ఉండకూడదు.